చెప్పులు మన్నాలి, పాదాలూ మన్నాలి

(షుగరు వల్ల గానీ, కుష్ఠు వ్యాధి వల్ల గానీ పాదాలలో స్పర్శ తగ్గిన వారి కుటుంబ సభ్యులకు)

కాలి పుండు నయమై, మీ ఇంటి పెద్దవారిని ఇంటికి తీసుకువెళ్ళే రోజున మీరు మమ్మల్ని చాలా అడుగుతారు. మాత్రలు ఎప్పుడు వేయాలి, అన్నం ఎంత పెట్టాలి, కట్టు ఎన్నాళ్ళకు మార్చాలి అని. చివరగా, గుమ్మం దగ్గర నిలబడి, కొత్త చెప్పులు చేతిలో పట్టుకుని మరొకటి అడుగుతారు. "గివి ఎన్నొద్దులు వస్తయి సిస్టరమ్మా?"

మంచి ప్రశ్నే. డబ్బు పెట్టి కొన్న వస్తువు నాలుగు రోజులు ఎక్కువ రావాలని అందరికీ ఉంటుంది. తోలు చెప్పులను సరిగ్గా చూసుకుంటే చాలాకాలం వస్తాయి కూడా. అయితే స్పర్శ లేని పాదానికి వేసే చెప్పు విషయంలో ఇంకొక ప్రశ్న కూడా వేసుకోవాలి. ఈ చెప్పు ఎప్పటి వరకు పాదాన్ని కాపాడుతుంది? ఏ రోజు నుంచి పాదాన్ని పాడు చేస్తుంది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు తెలిసిన ఇంట్లో చెప్పులూ మన్నుతాయి, పాదాలూ మన్నుతాయి.

మరచిపోలేని ఒక సంగతి

కొన్నేళ్ళ క్రితం మడికొండ చుట్టుపక్కల ఊరి నుంచి ఒక పెద్దాయన మా దగ్గరకు షుగరు చూపించుకోవడానికి వచ్చేవారు. రైతు. పన్నెండేళ్ళుగా షుగరు ఉంది. ఆయన తోలు చెప్పులు చూస్తే ముచ్చటేసేది. ఆరేళ్ళ నాటివి. వారం వారం ఆముదం రాసేవారు. పట్టీలు నల్లగా నిగనిగలాడుతూ ఉండేవి. ఒకసారి ఆయన పాదాలు పరీక్ష చేసి, "చెప్పులు బాగా చూసుకుంటున్నావు తాతా" అని మెచ్చుకుని పంపించాను.

రెండు నెలల తరువాత కోడలు ఆయనను వెంటబెట్టుకుని వచ్చింది. "మా మామ నడిచిన చోటల్లా గచ్చు మీద ఎర్రగ అంటుతాంది సిస్టరమ్మా. అడిగితే నాకేం కాలేదంటడు" అంది. పెద్దాయన కూడా అదే మాట అన్నారు. "నాకేం నొస్తలేదు బిడ్డా."

బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు లోతైన పుండు ఉంది. లోపల ఎముక వరకు చీము పట్టింది. చెప్పు తీసుకుని లోపల చేయి పెట్టాను. వేలికి గుచ్చుకుంది. అడుగు అరిగిపోతే టైరు ముక్క వేయించి, మేకులు కొట్టించారు. రోజూ నడవగా నడవగా ఒక మేకు కొన పైకి వచ్చింది. ఎంత? బియ్యపు గింజంత.

ఆ మేకు రెండు నెలల ముందు కూడా ఉందో లేదో నాకు తెలియదు. ఎందుకంటే ఆ రోజు నేను చెప్పును పైనుంచే చూశాను. లోపల చేయి పెట్టి చూడలేదు. ఆ తప్పు నాది. బొటనవేలు తీసేయవలసి వచ్చింది. ఇంటికి వెళ్ళే రోజు ఆయన ఒకటే అడిగారు. "ఆ చెప్పులు ఇంక పనికొస్తయా?" చెప్పుల పట్టీలు అప్పటికీ చెక్కుచెదరలేదు.

అప్పటి నుంచి మా దగ్గర ఎవరి పాదం చూసినా, చెప్పు లోపల కూడా చేయి పెట్టి చూస్తాను. మీరూ అలాగే చూడాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

నొప్పి ఎందుకు తెలియలేదు?

మన చెప్పులో చిన్న రాయి పడితే రెండడుగులు కూడా వేయలేం. వెంటనే ఆగి, దులిపి, మళ్ళీ వేసుకుంటాం. మనల్ని ఆపేది నొప్పి. ఆ నొప్పి కబురును పాదం నుంచి మెదడుకు మోసేవి నరాలు. చాలా ఏళ్ళు రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటే ఈ నరాలు దెబ్బతింటాయి. కుష్ఠు వ్యాధిలోనూ క్రిములు నరాలలో చేరి వాటిని పాడు చేస్తాయి. అప్పుడు పాదానికి గాయమవుతుంది, కబురు మాత్రం రాదు. మనిషి నడుస్తూనే ఉంటాడు.

ఒకప్పుడు కుష్ఠు రోగుల వేళ్ళు, పాదాలు వాటంతట అవే కుళ్ళి రాలిపోతాయని అందరూ అనుకునేవారు. 1946లో వెల్లూరుకు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ రోగుల గాయాలను ఒక్కొక్కటిగా గమనించి, అది నిజం కాదని చూపించారు. వేడి గిన్నె పట్టుకోవడం, మేకు తొక్కడం, బిగుతు చెప్పుతో రోజంతా నడవడం, ఇలాంటి మామూలు గాయాలే నొప్పి తెలియక పెద్దవవుతున్నాయని ఆయన తేల్చారు. కాబట్టి గాయం కాకుండా చూస్తే పాదం నిలుస్తుంది. అందుకే వెల్లూరు, కరిగిరి ఆసుపత్రుల వారు శస్త్రచికిత్సతో పాటు చెప్పుల తయారీకి కూడా అంత ప్రాముఖ్యం ఇచ్చారు. డాక్టర్ బ్రాండ్ 1966లో అమెరికాలోని కార్‌విల్ ఆసుపత్రికి వెళ్ళిన తరువాత, కుష్ఠు పాదాల దగ్గర నేర్చుకున్న పాఠాన్నే షుగరు పాదాలకు కూడా ఉపయోగించారు.

ఈ పాఠం ఈనాడు మనకు ఇంకా అవసరం. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం మన దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి షుగరు ఉంది. వారిలో చాలామంది పాదాలు ఏదో ఒకనాటికి మొద్దుబారవచ్చు.

స్పర్శ ఉందో లేదో ఇంట్లోనే చూడండి

ఇంగ్లాండులోని ఇప్స్‌విచ్ ఆసుపత్రి వైద్యులు 2011లో ఒక తేలికైన పరీక్షను ప్రకటించారు. పరికరం అక్కరలేదు. మీ చూపుడు వేలు చాలు.

1. పెద్దవారిని పడుకోబెట్టి కళ్ళు మూసుకోమనండి. మీరు ముట్టుకున్నట్లు తెలియగానే "కుడి" అనో "ఎడమ" అనో చెప్పమనండి.
2. రెండు పాదాలలోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు, మొత్తం ఆరు వేళ్ళ కొసలను ఒక్కొక్కటిగా తేలికగా ముట్టుకోండి. ఒకటి రెండు క్షణాలు చాలు.
3. నొక్కకూడదు, తట్టకూడదు, గిల్లకూడదు. ఒక వేలిని ఒక్కసారే ముట్టుకోవాలి.

ఆరింటిలో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే స్పర్శ తగ్గినట్లే. వెంటనే డాక్టరుకు చూపించండి. అన్నీ తెలిసినా సరే, షుగరు ఉన్నవారు ఏడాదికి ఒకసారైనా ఆసుపత్రిలో పాదాల పరీక్ష చేయించుకోవాలి.

తోలు సంగతి తెలిస్తే జాగ్రత్త తెలుస్తుంది

తోలు అంటే చర్మమే. దానిలో సన్నని మాంసకృత్తుల పోగులు వలలాగా అల్లుకుని ఉంటాయి. పచ్చి చర్మం నాలుగు రోజులలో కుళ్ళిపోతుంది. అందుకే మన ఊళ్ళలో చెప్పులు కుట్టేవారు చర్మాన్ని సున్నపు నీళ్ళలో నానబెట్టి, వెంట్రుకలు తీసి, తరువాత లందలో తంగేడు చెక్క, కరక్కాయ వంటి వాటి రసంలో రోజుల తరబడి ఊరవేసేవారు. తంగేడు చెక్కలోని వగరు ఆ పోగులను పట్టి ఉంచుతుంది. అప్పుడు చర్మం కుళ్ళకుండా తోలు అవుతుంది. 2014లో తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడు, బతుకమ్మలో పేర్చే ఆ పసుపు పువ్వు చెట్టే, మన తాతల కాళ్ళకు చెప్పులనూ ఇచ్చింది. కిర్రు కిర్రుమనే ఆ చెప్పుల చప్పుడు మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది.

తోలు పోగుల మధ్య కొంచెం నూనె, కొంచెం తేమ ఉంటాయి. అవి ఉన్నంత కాలం తోలు వంగుతుంది. తోలుకు శత్రువులు మూడు.

మొదటిది నీళ్ళు. తడిసిన తోలు ఉబ్బి మెత్తబడుతుంది. మెత్తబడిన అడుగు గచ్చు మీద, కంకర మీద త్వరగా అరుగుతుంది.

రెండవది వేడి. తడిసిన చెప్పును ఎండలో గానీ, పొయ్యి దగ్గర గానీ పెడితే పోగులు ముడుచుకుపోయి తోలు కట్టెలా గట్టిపడుతుంది. తరువాత వంచితే పగులుతుంది.

మూడవది చెమట. చెమట ఆరినా దానిలోని ఉప్పు తోలులోనే ఉండిపోయి దానిని పెళుసు చేస్తుంది.

ఇందులో గమనించవలసింది ఒకటి ఉంది. గట్టిపడిన తోలు పట్టీ అంచు కత్తిలాంటిది. స్పర్శ ఉన్నవారికి అది కరుస్తుంది, వారు వేలు పెట్టి సర్దుకుంటారు. స్పర్శ లేనివారికి అది చర్మాన్ని కోస్తూనే ఉంటుంది. కాబట్టి తోలును మెత్తగా ఉంచడం పొదుపు కోసమే కాదు, వైద్యంలో భాగం కూడా.

తోలు చెప్పులు, బూట్లు ఎక్కువ కాలం రావాలంటే

1. వీలైతే రెండు జతలు ఉంచుకుని రోజు మార్చి రోజు వేయండి. ఒక రోజు చెమట ఆరడానికి ఇంకొక రోజు పడుతుంది. ఒకటి అరిగాక ఇంకొకటి కొనడం కంటే, రెండింటినీ మార్చి మార్చి వాడితే రెండూ ఎక్కువ కాలం వస్తాయి.

2. ఇంటికి రాగానే పొడిబట్టతో దుమ్ము తుడవండి. కుట్ల మధ్య ఇరుక్కున్న మట్టిని పాత పళ్ళ బ్రష్షుతో తీయండి. ఇసుక కుట్టుదారాన్ని కోస్తుంది.

3. తడిస్తే నీళ్ళు తుడిచి, బూటయితే లోపల పాత వార్తాపత్రిక కాగితం కుక్కి, నీడలో గాలి తగిలే చోట పెట్టండి. అడుగుకూ గాలి తగిలేలా పక్కకు వాల్చి ఆనించండి. కాగితం తడిసిపోతే మార్చండి. ఆరడానికి ఒకటి రెండు రోజులు పట్టినా తొందరపడకండి.

4. నెలకు ఒకసారి, పూర్తిగా ఆరిన చెప్పుకు నాలుగైదు చుక్కల ఆముదం మెత్తని బట్టతో పట్టీల మీద పలుచగా రాయండి. రాత్రంతా ఉంచి పొద్దున పొడిబట్టతో తుడవండి. ఎక్కువ రాస్తే తోలు సాగిపోయి కుట్లు వదులవుతాయి. పాదం ఆనే చోట నూనె రాయకండి. జారుతుంది, దుమ్ము అంటుకుంటుంది, అతికించిన చోట ఊడిపోతుంది.

5. బూట్లకు అదే రంగు పాలిష్ పలుచగా వేయండి. ముందు తుడిచి, తరువాత పాలిష్. దుమ్ము మీద పాలిష్ వేస్తే దుమ్ము తోలులోకి పోతుంది.

6. వానాకాలంలో పాలిథిన్ సంచిలో మూసి పెట్టకండి. బూజు పడుతుంది. బూజు పడితే ఇంటి బయట పొడి బ్రష్షుతో దులిపి, తడి పిండిన బట్టతో తుడిచి, నీడలో ఆరబెట్టండి. దాచవలసి వస్తే గుడ్డ సంచిలో దాచండి.

7. ఎండాకాలంలో గడప బయట ఎండలో వదలకండి. తోలు గట్టిపడుతుంది. పైగా ఎండలో కాగిన చెప్పును స్పర్శ లేని పాదానికి తొడిగితే కాలి బొబ్బలు వస్తాయి.

8. బూటు తొడిగేటప్పుడు మడమ దగ్గర తొక్కి తొడగనివ్వకండి. వెనుక భాగం మడతపడితే మళ్ళీ నిలబడదు. ఆ మడతే మడమను ఒరుస్తుంది.

9. కొత్త తోలు అడుగు బూట్లను వాన రోజున మొదలు పెట్టకండి. ముందు కొన్ని రోజులు పొడినేల మీద కొద్దికొద్దిగా వాడాలి.

మరమ్మతు ఎప్పుడు? ఎలా?

చెప్పు పైభాగం బాగుండి, అడుగు ఒక్కటే అరిగితే మరమ్మతు చేయించవచ్చు. అయితే సమయం మించకూడదు. తోలు అడుగు మధ్యభాగాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. మెత్తగా లోపలికి పోతున్నట్లుంటే అడుగు పలచబడింది. చిల్లు పడేదాకా ఆగకండి. మడమ ఒకవైపు అరిగినా అంతే. కింది పొర అరగగానే మార్పిస్తే చిన్న పని. ఒకవైపు అరిగిన మడమతో నడిస్తే బరువంతా ఒకే పక్కన పడి అక్కడ ఆనెకాయ కడుతుంది. ఆనెకాయ కిందనే పుండు మొదలవుతుంది.

చెప్పులు కుట్టే అన్న దగ్గరకు మీరే వెళ్ళండి. పెద్దవారిని పంపి ఊరుకోకండి. ఆయన తన పని బాగా తెలిసిన మనిషి. కానీ ఈ పాదానికి స్పర్శ లేదన్న సంగతి మీరు చెబితేనే ఆయనకు తెలుస్తుంది. ఇలా చెప్పండి.

- "అన్నా, ఈ కాలుకు స్పర్శ లేదు. ఒక్క మేకు కూడా కొట్టవద్దు. అతికించి, ఆరెతో కుట్టు వేయి."
- "ముడులు లోపలికి రావద్దు. కింది వైపే ఉండాలి."
- "పట్టీ అంచులు నున్నగా చెక్కు. లోపల ఎత్తుపల్లాలు ఉండవద్దు."
- "టైరు ముక్క వద్దు. మామూలు రబ్బరు షీటు వేయి."

టైరు ఎందుకు వద్దంటే, ఇప్పటి రేడియల్ టైర్లలో సన్నని ఉక్కు తీగలు ఉంటాయి. రబ్బరు అరిగిన కొద్దీ అవి బయటికి వస్తాయి. మేకు కొట్టకపోయినా మేకు ఉన్నట్లే.

తోలు అడుగు మీద పలుచని రబ్బరు పొర అతికిస్తే నీళ్ళు పట్టవు, అరుగుదల తగ్గుతుంది, జారడం తగ్గుతుంది. ఇది తక్కువ ఖర్చుతో ఎక్కువ లాభం.

మరమ్మతు అయ్యాక, డబ్బులు ఇచ్చే ముందు, మీ చేతిని చెప్పు లోపల పెట్టి మడమ నుంచి వేళ్ళ దాకా నెమ్మదిగా తడిమి చూడండి. మీ చేతికి తగిలింది వారి పాదానికి తగులుతుంది. మీకు తెలుస్తుంది, వారికి తెలియదు. అంతే తేడా.

ఎం.సి.ఆర్. చెప్పుల జాగ్రత్త వేరు

స్పర్శ లేని పాదాలకు డాక్టర్లు తరచుగా ఎం.సి.ఆర్. చెప్పులు రాస్తారు. ఎం.సి.ఆర్. అంటే లోపల సన్నని గాలి గదులున్న మెత్తని రబ్బరు. పాదం ఆనే చోట ఆ మెత్తని పొర, నేలకు తగిలే చోట గట్టి రబ్బరు ఉంటాయి. మెత్తని పొర బరువును పాదమంతా సర్దుతుంది. గట్టి పొర ముల్లును, రాయిని ఆపుతుంది. పల్లేరుకాయలు, తుమ్మముళ్ళు ఉన్న మన చేలగట్ల మీద రెండూ కావాలి. చెప్పు కాలి నుంచి ఊడిపోకుండా మడమ వెనుక పట్టీ ఉంటుంది. బొటనవేలికి ఉంగటం ఉన్న చెప్పులు, వేళ్ళ సందున పట్టీ ఉన్న హవాయి చెప్పులు వీరికి మంచివి కావు. స్పర్శ లేనివారు అవి ఊడకుండా వేళ్ళతో బిగించి నడుస్తారు. వేళ్ళ సందున ఒరిపిడి పుండు పడుతుంది.

వీటికి తోలు చెప్పుల పద్ధతి పనికిరాదు. రబ్బరుకు నూనె తగిలితే ఉబ్బి పాడవుతుంది. పట్టీ తోలుదైతే పట్టీకి మాత్రం కొంచెం ఆముదం రాయండి. రబ్బరును సబ్బునీళ్ళ బట్టతో తుడిచి నీడలో ఆరబెట్టండి.

వాడకంలో ఎం.సి.ఆర్. పొర నెమ్మదిగా అణిగిపోతుంది. పైకి కొత్తదానిలాగే కనిపిస్తుంది, కాని లోపలి గాలి గదులు చదునైపోయి ఉంటాయి. దీనికి ఒక గుర్తు ఉంది. బొటనవేలు, చూపుడు వేలు మధ్య ఆ పొరను గట్టిగా నొక్కండి. మంచి ఎం.సి.ఆర్. దాదాపు సగం మందానికి అణిగి, వదలగానే మళ్ళీ లేస్తుంది. అణగకపోయినా, అణిగినది లేవకపోయినా దాని పని అయిపోయినట్లే. పట్టీ ఎంత బాగున్నా ఆ పొర మార్పించాలి, లేదా చెప్పులు మార్చాలి.

కుష్ఠు వ్యాధి వల్ల పాదాల స్పర్శ పోయిన వారికి జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం కింద ఏడాదికి రెండు జతల ఎం.సి.ఆర్. చెప్పులు ఉచితంగా ఇస్తారు. మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. ఏడాదికి రెండు జతలు ఎందుకో గమనించారా? ఒక జత ఏళ్ళ తరబడి రాదు, రాకూడదు కూడా. కాబట్టి "పాతవి ఇంకా బాగానే ఉన్నాయి కదా" అని కొత్తవాటిని పెట్టెలో దాచకండి.

ఇక చాలు అని ఎప్పుడు అనాలి?

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా, మరమ్మతు కుదరకపోతే ఆ చెప్పును ఆ రోజే ఆపేయండి.

1. లోపల మేకు, తీగ, ముడి, గట్టి అంచు చేతికి తగలడం.
2. పాదం ఆనే చోట వేళ్ళ అచ్చు, మడమ అచ్చు గుంటలుగా పడి ఉండడం.
3. చెప్పును చదునైన గచ్చు మీద పెడితే ఒక పక్కకు ఒరిగిపోవడం.
4. పట్టీ తోలు పగిలి అంచు లేచి ఉండడం.
5. చెప్పు తీయగానే పాదం మీద ఎర్రని గుర్తు ఉండి, అరగంట తరువాత కూడా పోకపోవడం.
6. ఇంతకు ముందు లేని ఆనెకాయ, బొబ్బ కనిపించడం.

ఆపేసిన చెప్పును ఇంట్లో ఇంకొకరికి ఇవ్వకండి. అది ఒకరి పాదానికి అచ్చుపడిన చెప్పు. ముఖ్యంగా స్పర్శ లేని ఇంకొకరికి అసలు ఇవ్వవద్దు. చాటుగా దాచినా పెద్దవారు వెతికి తెచ్చుకుంటారు. అలవాటైన చెప్పు మీద మమకారం అలాంటిది. వారిని కసరకండి. లోపల మీ చేతికి తగిలిన దానిని వారి చేతికి తగలనిచ్చి చూపించండి. పాదానికి తెలియనిది చేతికి తెలిస్తే ఒప్పుకుంటారు. చేతికి కూడా స్పర్శ తక్కువైతే కళ్ళకు చూపించండి.

రోజూ రెండు నిమిషాలు

పొద్దున చెప్పులు తొడిగే ముందు: తిరగేసి దులపండి. లోపల చేయి పెట్టి తడమండి. రాళ్ళు, తేళ్ళు, మనవళ్ళు ఆడుకుంటూ వేసిన గోళీలు, ఏవైనా ఉండవచ్చు.

సాయంత్రం తీసిన తరువాత: వెలుతురులో కూర్చోబెట్టి అరికాళ్ళు, వేళ్ళ సందులు, మడమలు చూడండి. వారి కళ్ళకు సరిగా కనిపించకపోతే మీరే చూడాలి. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడవండి. నీటి వేడిని మీ మోచేతితో చూడండి, వారి కాలితో కాదు. పగుళ్ళకు కొబ్బరి నూనె గానీ, వాజిలిన్ గానీ రాయండి. వేళ్ళ సందులలో మాత్రం రాయకండి.

ఎర్రదనం, వాపు, ఒక పాదం రెండవదానికంటే వేడిగా ఉండడం, నీరు గానీ చీము గానీ కారడం, దుర్వాసన, జ్వరం, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. "నొప్పి లేదు కదా, రేపు చూద్దాం" అనుకోవద్దు. ఈ పాదానికి నొప్పి లేకపోవడం మంచి గుర్తు కాదు. వచ్చేటప్పుడు ఆ చెప్పులు కూడా తీసుకురండి.

మీ సందేహాలు

తోలు అడుగు బూట్లు షుగరు ఉన్నవారు వేసుకోవచ్చా?
పాదాలలో స్పర్శ, రక్తప్రసరణ బాగుంటే వేసుకోవచ్చు. తోలు పాదానికి తగ్గట్టు వంగుతుంది. స్పర్శ తగ్గిన వారికి మాత్రం తోలు అడుగు ఒక్కటే చాలదు, గట్టిగా ఉంటుంది. లోపల మెత్తని పొర వేసుకోవడానికి చోటున్న, వేళ్ళ దగ్గర వెడల్పుగా ఉన్న బూటు కావాలి. మీ డాక్టరును అడిగి తీసుకోండి.

కొత్త చెప్పులు కొనేటప్పుడు ఏం చూడాలి?
సాయంత్రం కొనండి. రోజంతా నడిచాక పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది. పొద్దున సరిపోయినది సాయంత్రం బిగుతు కావచ్చు. "బిగుతుగా ఉందా?" అని వారిని అడిగి లాభం లేదు. తెల్ల కాగితం మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్సిలుతో గీత గీసి, కత్తిరించి, ఆ కాగితాన్ని చెప్పులో పెట్టి చూడండి. ఎక్కడా మడతపడకూడదు. పొడవైన వేలికి ముందు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. మొదటి రోజు గంట సేపే వేయించి, తీసి పాదం చూడండి. రోజురోజుకూ కొంచెం పెంచండి.

ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలా?
వేసుకోవాలి. చాలా గాయాలు ఇంట్లోనే అవుతాయి. మంచం కోడు, పీట అంచు, విరిగిన గాజు ముక్క, పిన్నీసు. ఇంట్లోకి వేరే జత ఉంచండి. వంటింట్లోకి చెప్పులు రాకూడదన్న పట్టింపు ఉంటే ఆ జతను బయటికి వాడకుండా శుభ్రంగా ఉంచండి.

గుడికి, చర్చికి వెళ్ళినప్పుడు ఎలా?
చెప్పులు విడవక తప్పని చోటికి ఎండ ఎక్కకముందే వెళ్ళండి. మన మెట్టుగుట్ట రాతి మెట్లు గానీ, చర్చి ఆవరణలోని బండలు గానీ మధ్యాహ్నానికి పెనంలా కాలుతాయి. మీరు ఎగిరి గంతేసి పక్కకు పోతారు. స్పర్శ లేని పెద్దాయన మాత్రం నెమ్మదిగా నడుచుకుంటూ వస్తారు. గుమ్మం దగ్గరిదాకా చెప్పులతో తీసుకువెళ్ళండి. తిరిగి రాగానే అరికాళ్ళు చూడండి.

గుర్తుంచుకోండి

తోలుకు నీడ, గాలి, నెలకు కొంచెం నూనె. ఎం.సి.ఆర్.కు సబ్బునీళ్ళు, నూనె లేదు. మరమ్మతుకు పేస్టు, కుట్టు, మేకు లేదు. చెప్పును పైనుంచి కాదు, లోపల చేయి పెట్టి చూడాలి.

అరిగిన చెప్పుకు ఇంకొకటి కొనవచ్చు. పోయిన వేలు మళ్ళీ రాదు. ఈ సాయంత్రం మీ ఇంటి గడప దగ్గర ఉన్న పెద్దవారి చెప్పులను ఒకసారి చేతిలోకి తీసుకోండి. మడమ నుంచి వేళ్ళ దాకా తడమండి. ఏమీ తగలకపోతే సంతోషం. రేపు మళ్ళీ తడమండి.